జియోక్యాచింగ్: ఓరుగల్లు చుట్టుపక్కల డబ్బాలు వెతికేవాళ్లను తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఆట ఆడతామని చెప్పగానే ఎదుటివాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత వరసగా ప్రశ్నలు వేస్తారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల ప్రశ్నలు వేరు, దారిలో ఆపి అడిగేవాళ్ల ప్రశ్నలు వేరు. రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. వరంగల్, హనుమకొండ, ములుగు, కరీంనగర్ వైపు తిరిగేవాళ్లకు పనికొచ్చేలా రాశాను కాబట్టి, అమెరికా వాళ్ల వీడియోలు చూసి వచ్చినవాళ్లకు కొన్ని జవాబులు నిరుత్సాహంగా అనిపించొచ్చు.

అసలేంటిది?

ఒకరు ఒక డబ్బాను బయట ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను జియోక్యాచింగ్ సైటులో పెడతారు. ఇంకొకరు ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసుకుని అక్కడికి వెళ్లి, డబ్బా వెతికి పట్టుకుని, లోపలున్న కాగితం మీద పేరు, తేదీ రాసి, ఎక్కడ ఎలా ఉందో అక్కడ అలాగే పెట్టేసి వస్తారు. తర్వాత యాప్‌లో 'దొరికింది' అని నమోదు చేస్తారు. పెద్దవాళ్లు ఆడే దాగుడుమూతలు అనుకోండి, దాక్కున్నవాడు మాత్రం ఎప్పుడో ఇంటికెళ్లిపోయి ఉంటాడు. ప్రైజు లేదు, డబ్బు లేదు, డబ్బా ఇంటికి తెచ్చుకోవడం అసలే లేదు.

ఎప్పుడు మొదలైంది?

2000 మే నెలలో. అంతకుముందు అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌ను కావాలనే కొంచెం చెడగొట్టి ఇచ్చేది, చూపించే చోటుకీ అసలు చోటుకీ 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ నెల మొదట్లోనే దాన్ని ఆపేశారు. వెంటనే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో అడవి పక్కన ఒక బకెట్ దాచి, అది ఎక్కడుందో ఇంటర్నెట్‌లో పెట్టాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ సైటు మొదలుపెట్టాడు, ఇప్పుడు ప్రపంచమంతా కలిపి 30 లక్షలకు పైగా డబ్బాలున్నాయి. ఆ మొదటి బకెట్‌లో ఒక బీన్స్ డబ్బా కూడా ఉందని చెబుతారు. ఇప్పటి నిబంధనల ప్రకారం క్యాచ్‌లో (దాచిన డబ్బాను ఈ ఆటలో అలా అంటారు) తిండి పెట్టకూడదు, అంటే ఈ ఆట పుట్టించిన ఆయన డబ్బానే ఇవాళ పెడతామంటే ఒప్పుకోరు.

మన దగ్గర ఎన్ని ఉన్నాయి?

తక్కువ. చాలా తక్కువ. యాప్ తెరిచి జర్మనీ మ్యాపు చూస్తే రంగు చుక్కల కింద ఊళ్ల పేర్లు కూడా కనపడవు. మన జిల్లా మీదికి వచ్చి చూస్తే మ్యాపు ఖాళీగా, ప్రశాంతంగా ఉంటుంది. ఉన్న కొద్దిపాటిలో కూడా కొన్ని ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేసినవై ఉంటాయి. బయల్దేరే ముందు చివరిసారి ఎవరికి, ఎప్పుడు దొరికిందో చూడండి. వరసగా 'దొరకలేదు' అనే నమోదులే ఉంటే పెట్రోలు దండగ.

అందుకే మన వైపు ఈ ఆట ఆడాలంటే వెతకడం కంటే ముందు దాచడం నేర్చుకోవాలి. ఇద్దరు ముగ్గురు దోస్తులు ఒకరి కోసం ఒకరు దాచుకుంటూ పోతేనే ఇక్కడ ఆట నడుస్తుంది. ఎవరో పెడతారని కూర్చుంటే కూర్చున్నట్టే.

ఖర్చెంత?

ఫోన్ ఉంటే చాలు. ఉచిత ఖాతాతో ఆడొచ్చు, డబ్బు కట్టే ఖాతా తీసుకుంటే ఇంకొన్ని క్యాచ్‌లు, సౌకర్యాలు వస్తాయి. మన దగ్గర ఉన్న డబ్బాల సంఖ్యకు ఆ చందా ఎందుకో నాకైతే అర్థం కాదు. ఆ డబ్బుతో ఒక పవర్ బ్యాంకు కొనుక్కోండి.

ఇచ్చిన నంబర్లు గూగుల్ మ్యాప్స్‌లో కొడితే ఎక్కడో చూపిస్తోంది. ఎందుకు?

ఇది ప్రతి కొత్తవాళ్లకూ ఎదురయ్యేదే. ఈ సైటులో స్థానాన్ని డిగ్రీలు, దశాంశ నిమిషాలుగా ఇస్తారు. ఉదాహరణకు ఉత్తరం 17° 58.200' అని ఉందనుకోండి. దాన్ని 17.58200 అని కొడితే తప్పు. 58.2ను 60తో భాగిస్తే 0.97 వస్తుంది, కాబట్టి 17.97000 అని కొట్టాలి. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ నేల మీద అది దాదాపు 43 కిలోమీటర్లు. హనుమకొండలో ఉండాల్సినవాళ్లు దక్షిణాన ఎక్కడో ఎవరి పత్తి చేనులోనో తేలతారు. డిగ్రీ గుర్తు, నిమిషం గుర్తుతో సహా ఉన్నదున్నట్టు కాపీ చేసి పేస్టు చేస్తే ఈ గొడవ ఉండదు.

సరిగ్గా చోటు దగ్గరికే వెళ్లాను, బాణం గుర్తు గిరగిరా తిరుగుతోంది. ఏం చేయాలి?

ఫోన్ జేబులో పెట్టేయండి. నిజంగానే చెబుతున్నాను.

ఆకాశం బాగా కనిపించే చోట మంచి ఫోన్ కూడా మూడు నుంచి ఐదు మీటర్ల తేడా చూపిస్తుంది. దాచినవాళ్ల ఫోన్‌కూ అంతే తేడా ఉంటుంది కాబట్టి రెండూ కలిస్తే పది మీటర్ల వలయం అవుతుంది. దానికి తోడు మన గుట్టలు. పెద్ద బండల మధ్య నిలబడితే ఉపగ్రహాల సిగ్నల్ నేరుగా రాకుండా రాతికి కొట్టుకుని తిరిగి వస్తుంది, ఫోన్ ఆ ఆలస్యాన్ని దూరంగా లెక్కేసుకుని మనల్ని పక్క బండ మీద చూపిస్తుంది. మడికొండ మెట్టుగుట్ట మీద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు చూశారు కదా, అలాంటి వాటి కింద నిలబడి ఫోన్‌ను తిట్టి లాభం లేదు. కాస్త వెనక్కి, ఖాళీ జాగాలోకి వచ్చి, రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉండి, అప్పుడు ఎటు చూపిస్తుందో చూడండి. దిక్సూచి తప్పుగా ఉంటే ఫోన్‌ను గాలిలో 8 ఆకారంలో తిప్పాలి. పక్కనున్నవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఆ తర్వాత పని కళ్లది. 'నేనైతే ఎక్కడ దాస్తాను?' అని ఆలోచించడం మొదలుపెడితే సగం దొరికినట్టే. గుట్ట మీద రాయి పైభాగం ఏళ్ల తరబడి ఎండకు, వానకు నల్లబడి ఉంటుంది, నేలకు ఆనుకున్న భాగం పాలిపోయి, మట్టి అంటుకుని ఉంటుంది. చుట్టూ అన్నీ నల్లటి రాళ్లే ఉండి ఒక్క రాయి మాత్రం తెల్లటి ముఖం పైకి పెట్టి కనిపిస్తే దాన్ని ఎవరో తిప్పారన్నమాట. నెర్రెలో మూడు పలక రాళ్లు ఒకే సైజువి నిలువుగా కుక్కి ఉన్నా అంతే, వాన అలా పేర్చదు. రాయిని వెంటనే చేత్తో ఎత్తకండి, ముందు కర్రతో కదిపి, ఒక నిమిషం ఆగి, అప్పుడు మీ వైపు నుంచి కాకుండా అవతలి వైపు నుంచి లేచేలా ఎత్తండి. కింద తేలు ఉంటే అది అవతలి వైపుకు పోవాలి, మీ కాలి మీదికి మాత్రం రాకూడదు.

సిగ్నల్ లేని అడవిలో జీపీఎస్ పని చేస్తుందా?

చేస్తుంది. జీపీఎస్‌కు మొబైల్ టవర్‌తో పని లేదు, నాలుగు ఉపగ్రహాలు కనిపిస్తే చాలు. కాకపోతే మామూలుగా ఆ ఉపగ్రహాలు ఎక్కడెక్కడున్నాయో ఫోన్ ఇంటర్నెట్ ద్వారా తెలుసుకుంటుంది, నెట్ లేకపోతే ఆ సమాచారం ఉపగ్రహం నుంచే నెమ్మదిగా రావాలి. మొత్తం సందేశం రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. తాడ్వాయి దాటాక ఫోన్ ఆన్ చేసి 'పని చేయట్లేదు' అనేవాళ్ల బాధ ఇదే. ఊళ్లో ఉండగానే ఒకసారి లొకేషన్ పట్టించుకుని, మ్యాపు, క్యాచ్ వివరాలు ఆఫ్‌లైన్‌లో దింపుకుని బయల్దేరండి.

గుట్ట మీద రాళ్ల సందుల్లో వెతుకుతుంటే ఊళ్లోవాళ్లు వచ్చి అడిగితే ఏం చెప్పాలి?

ఈ ప్రశ్నకే అన్నిటికంటే పెద్ద జవాబు రాయాలి, ఎందుకంటే మన వైపు ఆటలో అసలు కష్టం ఇక్కడే ఉంది.

విదేశీ సలహాల్లో ఒక మాట ఉంటుంది: ఆట తెలియనివాళ్లు చూస్తుంటే ఏమీ తెలియనట్టు నటించు, ఫోన్ మాట్లాడుతున్నట్టు ఉండు, వాళ్లు వెళ్లాక వెతుకు. అది అక్కడ నడుస్తుంది. మన గుట్టల మీద అలా నటిస్తే కొరివితో తల గోక్కున్నట్టే. ఎందుకంటే పాత గుడి, కోట గోడ, గుట్ట మీది దేవుడి రాయి అంటే గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల భయం ప్రతి ఊళ్లోనూ ఉంది. రాత్రికి రాత్రి నందిని పెకిలించి, లింగం కింద గొయ్యి తవ్వి పోయినవాళ్ల వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. అలాంటి చోట కొత్త మొఖం ఒకటి ఫోన్ చూసుకుంటూ, రాళ్లు ఎత్తి చూసుకుంటూ, మనిషి రాగానే ఏమీ ఎరగనట్టు నిలబడితే వాళ్లు ఏమనుకోవాలి?

మేకలు కాసే తాత వచ్చి "ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా, లంకెబిందెలా?" అని అడిగాడనుకోండి, నవ్వుతూ నిజం చెప్పేయండి. "కాదు తాతా, ఆట ఆడుతున్నం. మా దోస్తు ఒక డబ్బా దాచిండు, నేను దొరకబట్టాలె" అంటే ఆయనకు వెంటనే అర్థమవుతుంది. ఫోన్ చూపించండి. డబ్బా దొరికాక మూత తీసి లోపలున్న గోలీలు, రబ్బరు బొమ్మ, కాగితం చూపించండి. "దీనికోసమా ఇంత దూరం వచ్చినవ్?" అని జాలిపడతారు, అది భరించాలి. చాలాసార్లు వాళ్లే కూర్చుని వెతుకుతారు కూడా. గుట్టలో ప్రతి బొరియ తెలిసినవాళ్లు కాబట్టి మనకంటే ముందే పట్టేస్తారు.

ఇంకా మంచి పద్ధతి, గుట్ట ఎక్కే ముందే కింద హోటల్లో చాయ్ తాగుతూ ఆ మాట చెప్పేయడం. ఎవరిదో పట్టా భూమి అయితే అడిగి వెళ్లడం. 'వద్దు' అంటే వెళ్లకపోవడం. గొడ్డలి, పలుగు, గడ్డపార లాంటివి బండిలో కూడా ఉండొద్దు, ఈ ఆటలో ఎలాగూ అనుమతి లేకుండా తవ్వడం నిషేధమే, డబ్బాను భూమిలో పాతిపెట్టకూడదు అన్నది ముఖ్యమైన నిబంధన. అమావాస్య రోజు, చీకటి పడ్డాక గుట్ట మీద టార్చి లైటు వేసుకుని తిరగొద్దు అని వేరే చెప్పాలా?

మాటల్లో మాట, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. పది రూపాయలు దాటిన విలువున్న నిధి నేలలో దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలి అంటుంది. మన డబ్బాలో ఉన్న సరుకు అంతా కలిపినా చాలావరకు ఆ పది రూపాయలు దాటదు.

పోలీసులు ఆపితే?

నిజమే చెప్పండి, యాప్ చూపించండి. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు అడవుల్లో కొత్తవాళ్లను ఆపి అడగడం మామూలే, టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. ఒక్క విషయం: విదేశాల నుంచి వచ్చే బంధువులు ట్రెక్కింగ్‌కు వాడే శాటిలైట్ ఫోన్, శాటిలైట్‌తో మెసేజ్ పంపే పరికరం తెస్తే బయటికి తీయనివ్వకండి. మన దేశంలో అనుమతి లేకుండా అవి వాడటం నేరం. మామూలు జీపీఎస్ వేరు, అవి వేరు అని వాళ్లకు తెలియక ఇబ్బందుల్లో పడతారు.

ఇంకొకటి, బస్టాండు, కాజీపేట జంక్షన్, కలెక్టరేట్, గుడి ద్వారం దగ్గర డబ్బా పెట్టాలనే ఆలోచనే వద్దు. దిక్కులేని డబ్బా కనిపిస్తే జనం బాంబు అనుకుంటారు, అనుకోవడం సబబే. డబ్బా లోపల కనిపించేలా ఉండేది వాడి, పైన 'ఇది ఆట డబ్బా, ప్రమాదం లేదు' అని తెలుగులో పెద్దగా రాస్తే మంచిది.

ఓరుగల్లు కోటలో, వేయి స్తంభాల గుడిలో, రామప్పలో పెట్టొచ్చా?

పెట్టకూడదు. అవి కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడాలు, రామప్ప 2021 నుంచి ప్రపంచ వారసత్వ కట్టడం కూడా. రాళ్ల సందులో డబ్బా దూర్చడం, వెతికేవాళ్లు వచ్చి ప్రతి శిల్పం వెనకా చేతులు పెట్టడం ఎవరికీ మంచిది కాదు. ఏటూరునాగారం అభయారణ్యం లోపల కూడా అటవీ శాఖ అనుమతి లేకుండా వద్దు.

కానీ దారి లేకపోలేదు. మల్టీ క్యాచ్ అని ఒక రకం ఉంది. మొదటి మజిలీలో డబ్బా ఉండాల్సిన పని లేదు, చూసి లెక్కపెట్టాల్సింది ఉంటే చాలు. కోటలో ఒక తోరణం ముందు నిలబడి పైనున్న హంసలు ఎన్ని, ఫలానా బోర్డు మీద మూడో అంకె ఏంటి అని అడిగి, ఆ అంకెలతో అసలు డబ్బా ఉన్న చోటు లెక్క తేలేలా చేయొచ్చు. డబ్బా మాత్రం దూరంగా, అనుమతి తీసుకున్న తోటలోనో దోస్తు ఇంటి ప్రహరీ బయటో ఉంటుంది. ఇలా వచ్చినవాళ్లు తోరణాన్ని సెల్ఫీకి వెనక తెరలా కాకుండా పైనుంచి కింది దాకా చూస్తారు, నాకు ఈ రకమే అన్నిటికంటే ఇష్టం. ఎర్త్ క్యాచ్ అని ఇంకోటి ఉంది, దానికి డబ్బానే ఉండదు, నేల గురించి ప్రశ్నలకు అక్కడే చూసి జవాబు రాయాలి. రేగొండ దగ్గర పాండవుల గుట్ట ఇసుకరాయి, వరంగల్ గుట్టలేమో గ్రానైటు. రెండూ ఒకే రోజు చూసి చేత్తో తడిమితే తేడా తెలిసిపోతుంది.

ఎలాంటి డబ్బా వాడాలి?

మన దగ్గర డబ్బాకు శత్రువులు ముగ్గురు: ఎండ, వాన, కోతి. మే నెలలో బండ మీద చౌకరకం ప్లాస్టిక్ డబ్బా రెండు వేసవులు ఆగదు, చేత్తో నొక్కితే పెళుసుగా విరుగుతుంది. నాలుగు వైపులా క్లిప్పులు, లోపల రబ్బరు రింగు ఉండే డబ్బా తీసుకుని నీడలో పెట్టండి. కాగితాన్ని జిప్ కవర్లో వేయండి, అయినా వానాకాలం తర్వాత ఒకసారి మార్చాలి.

కోతుల సంగతి వేరు. గుట్ట మీద గుడి ఉంటే కోతులుంటాయి, కోతులకు మెరిసేదీ, గలగలలాడేదీ, వాసన వచ్చేదీ ఏదైనా ప్రసాదమే. చాక్లెట్, బిస్కెట్, అగరబత్తి ఏదీ లోపల పెట్టొద్దు. స్టీలు టిఫిన్ డబ్బా అస్సలు వద్దు, తిండి దాంట్లోనే వస్తుందని వాటికి బాగా తెలుసు. మట్టి రంగు పూసి, లోతైన నెర్రెలో పెట్టి, ముందు చేతికి బరువుగా ఉండే రాయి అడ్డం పెట్టండి.

ఇంకో డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. సైటు తరఫున కొత్త డబ్బాలను పరిశీలించే వాలంటీర్ రివ్యూయర్ చూసి ఒప్పుకుంటేనే సైటులో కనిపిస్తుంది. పెట్టినవాళ్లే చూసుకోవాలి కాబట్టి సంక్రాంతికి అమ్మమ్మ ఊరికి వెళ్లి పెట్టి వచ్చేస్తే కుదరదు. కరీంనగర్ వైపు అయితే క్వారీకి ఇచ్చిన గుట్టా కాదా అని కనుక్కోండి, డబ్బాతో పాటు గుట్ట కూడా మాయమయ్యే ప్రాంతం అది.

ఎప్పుడు వెళ్తే మంచిది?

నవంబరు నుంచి ఫిబ్రవరి. వానల్లో గడ్డి నడుము దాకా పెరిగి కాలు ఎక్కడ పెడుతున్నామో తెలియదు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ మన వైపు ఉన్నాయి. సీతాఫలాల కాలంలో, బతుకమ్మకు తంగేడు, గునుగు కోసే రోజుల్లో గుట్టల మీద జనం బాగా ఉంటారు, తోడు దొరుకుతుంది కానీ దాచిన డబ్బా పిల్లల కంట పడుతుంది. తునికాకు ఏరే రోజుల్లో అడవిలో పని చేసుకునేవాళ్లకు అడ్డం పోకండి. మేడారం జాతర నెలలో అటువైపు ఆలోచనే వద్దు. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రం ఏమీ వద్దు, కదలకుండా ఉంచి నేరుగా పెద్దాసుపత్రికి.

ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లొచ్చా?

వెళ్తున్నవాళ్లు ఉన్నారు. నన్నడిగితే మొదటిసారి వెళ్లే గుట్టకు మాత్రం మగవాళ్లయినా ఆడవాళ్లయినా ఇద్దరుగా వెళ్లమంటాను. లైవ్ లొకేషన్ ఇంట్లో ఒకరికి పంపండి. ఎంత దగ్గరికి వచ్చినా చోటు నచ్చకపోతే వెనక్కి తిరగండి, డబ్బా ఎక్కడికీ పోదు.

దొరకలేదని రాయాలా? పరువు పోతుంది కదా?

రాయండి. దాచినవాళ్లకు డబ్బా పోయిందేమోనని తెలిసేది దాన్నిబట్టే. దొరక్కపోయినా దొరికిందని నొక్కేసేవాళ్ల వల్ల వచ్చే చిరాకు ఇంతా అంతా కాదు. వాళ్ల మాట నమ్మి నలభై డిగ్రీల ఎండలో ఇంకొకరు గుట్టంతా గాలిస్తారు. కాగితం మీద పేరు లేకపోతే దొరికినట్టు కాదు, అంతే.

పిల్లలకు నచ్చుతుందా?

పెద్దవాళ్లకంటే ఎక్కువ. డబ్బాలో ఉన్న వస్తువు తీసుకుంటే అంతే విలువైనది ఇంకోటి పెట్టాలి అన్న నిబంధన వాళ్లు మనకంటే నిజాయితీగా పాటిస్తారు. గాజులు, గోలీలు, కీచైన్లు జేబులో పెట్టుకెళ్లండి. నంబరు చెక్కిన లోహపు బిళ్ల కనిపిస్తే మాత్రం అది ట్రావెల్ బగ్, సొంతం చేసుకోవడానికి కాదు, ఇంకో డబ్బాలోకి చేర్చడానికి. దేశాలు దాటి వచ్చిన బిళ్లను మన వైపు డబ్బాలో వదిలితే ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంటుంది, హైదరాబాద్ వెళ్లేటప్పుడు పట్టుకెళ్లి వదలండి, పాపం దాని ప్రయాణం సాగుతుంది.

ఇంత అవస్థపడి ఏం దొరుకుతుంది?

పుట్టి పెరిగిన ఊరికి పది కిలోమీటర్లలో మూడు గదుల కాకతీయ గుడి ఒకటి చెరువు కట్ట పక్కన తుమ్మ చెట్లలో కూలిపోయి ఉందని, అక్కడ ఎవరో డబ్బా దాస్తే గానీ తెలియదు. పర్యాటక బోర్డు ఉండదు, పార్కింగ్ ఉండదు, ఆ దారిలో వెళ్లడానికి వేరే కారణమే ఉండదు. శివనగర్ మెట్లబావి పక్క వీధిలోనే ఏళ్లుగా ఉంటూ లోపలికి దిగి చూడనివాళ్లు ఎంతమంది లేరు? నాకు డబ్బా మూత తీసేటప్పటి ఆనందం కంటే, దాన్ని దాచినవాడు ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నాడో అర్థమైన క్షణం బాగుంటుంది. కొన్నిసార్లు అర్థం కాదు, చెత్తకుప్ప పక్కన పెట్టి ఉంటాడు. అప్పుడు కోపం వస్తుంది, వచ్చేటప్పుడు ఒక సంచీ చెత్త ఏరుకొస్తాం. దానికి కూడా ఈ ఆటలో ప్రత్యేకంగా కార్యక్రమాలు పెడతారు.

కాగితం మీద తెలుగులో రాయొచ్చా?

నిక్షేపంగా రాయొచ్చు. ఖాతా పేరు మాత్రం సైటులో ఉన్నట్టే రాయండి, దాచినవాళ్లు పోల్చి చూసుకుంటారు. జెల్ పెన్ను వద్దు, తేమకు సిరా పాకి ముందువాళ్ల పేర్లు కూడా పోతాయి. పెన్సిల్ తీసుకెళ్లండి, డబ్బాలో ఉంటుందిలే అని నమ్ముకోకండి, ఎప్పుడూ ఉండదు.